ప్రియదర్శిని పెట్టెలో ఏడు సినిమాలు

మాయాబజార్ చూసినవారందరికీ ప్రియదర్శిని పెట్టె గుర్తుండే ఉంటుంది. మూత తెరిచి చూసినవారికి తమ మనసుకు అత్యంత ప్రియమైనదేదో కనబడడం ఆ పెట్టె మహిమ. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి ప్రియశిష్యుడు దుర్యోధనుడు కనిపిస్తాడు. శ్రీకృష్ణుడికి మాత్రం శకుని కనిపిస్తాడు. పెట్టె ఒక్కటే, చూసే కళ్ళే వేరు.

ఇష్టమైన సినిమాలను వరసపెట్టి చెప్పడమంటే ఆ పెట్టె మూతను నలుగురిలో తెరవడమే. అందులో సినిమాల గుణగణాలకన్నా చూసినవాడి లోపలి సంగతులే ఎక్కువగా బయటపడతాయి. బహుశా అందుకే చాలామంది ఈ పని చేయవలసి వచ్చినప్పుడు ముందుజాగ్రత్త పడతారు. మొదటి స్థానంలో మాయాబజార్ పెట్టేస్తే ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఒక మల్లీశ్వరి, ఒక శంకరాభరణం, అభిరుచికి నిదర్శనంగా ఒక పథేర్ పాంచాలి. ఇక జాబితాకు ఢోకా లేదు. నేనూ ఏళ్ళ తరబడి అలాంటి జాబితానే చెబుతూ వచ్చాను. ఎవరితోనూ తగువు రాలేదు. తగువు రాలేదంటేనే అది నా జాబితా కాదన్నమాట.

నమస్కారం వేరు, ఇష్టం వేరు. గొప్పదని అందరూ ఒప్పుకున్నదానికి మనమూ చేతులెత్తి మొక్కడం నమస్కారం. దానికి సినిమా మళ్ళీ చూడనక్కరలేదు. ఇష్టానికి మాత్రం రుజువు కావాలి. అందుకని ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. గొప్పతనాన్ని తూకం వేయను. ఈ సినిమా చూడకపోయి ఉంటే నాలో ఏది లోపించి ఉండేది అన్న ఒక్క ప్రశ్నే వేసుకుంటాను. సమాధానం దొరకని సినిమా, ఎంతటి కళాఖండమైనా, పక్కకు తప్పుకోవలసిందే. అలా మిగిలినవి పది కాదు, ఏడు. పది చేయడానికి మూడింటిని అరువు తెచ్చుకోవడం ఇష్టం లేక ఏడుతోనే ఆపేస్తున్నాను. కింది నుంచి పైకి చెబుతాను.

ఏడు: అహ నా పెళ్ళంట (1987). జంధ్యాల తీసిన ఈ చిత్రం పేరు చెప్పగానే కొందరు పెద్దలు జాలిగా నవ్వుతారు. హాస్యచిత్రాలను ఇష్టపడవచ్చు గానీ వరసలో చేర్చకూడదన్నది మనలో పాతుకుపోయిన మర్యాద. ఏడిపించిన సినిమాకు బిరుదులిస్తాం, నవ్వించినదానికి చప్పట్లతో సరిపెడతాం. కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి పాత్ర కోడిని వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడే, ఆ ఒక్క దృశ్యంలో లోభం గురించి ఒక శతకానికి సరిపడా సంగతి ఉంది. తినేవాడి ముఖంలో ఉన్నది బాధ కాదు, నిజమైన తృప్తి. అందుకే అది అంత నవ్వూ తెప్పిస్తుంది, అంత భయమూ పుట్టిస్తుంది. 2025 జులైలో ఆ మహానటుడు కన్నుమూశారని తెలిసినప్పుడు, ఎన్నో క్రూరపాత్రలు చూసిన నాకు మొదట గుర్తొచ్చింది ఆ కోడే. దుఃఖంలో కూడా నవ్వొచ్చింది. అంతటి పని చేసిన చిత్రానికి ఏడో స్థానమైనా ఇవ్వకపోతే కృతఘ్నుణ్ణి అవుతాను.

ఆరు: ముత్యాల ముగ్గు (1975). బాపు రమణల ఈ చిత్రం ఉత్తర రామాయణానికి సాంఘిక రూపం. కట్టుకున్నవాడు అనుమానించి వదిలేసిన గర్భవతి, ఆమెకు పుట్టిన కవలలు, చివరికి నిజం తేలడం. కథగా చూస్తే ఈ రోజు నాకు అభ్యంతరాలున్నాయి. ఆ ఇల్లాలి సహనాన్ని అంతగా మెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. అయినా ఈ సినిమా నాకు రెండు సంగతులు నేర్పింది. ఒకటి, వెలుతురును చూడడం. ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం అందుకున్న ఇషాన్ ఆర్య పనితనం వల్ల, మన ఊళ్ళ పొద్దుటి ఎండ తెర మీద కూడా ఎండలాగే ఉండగలదని మొదటిసారి తెలిసింది. రెండవది, దుర్మార్గుడికి రసికత ఉండకూడదన్న నియమమేమీ లేదని. రావు గోపాలరావు కంట్రాక్టరు సూర్యోదయాన్ని చూసి పరవశించగలడు, తన మాటలకు తాళం వేయడానికి భజంత్రీలను వెంటబెట్టుకోగలడు, అదే నోటితో కొంపలు కూల్చే బేరాలూ మాట్లాడగలడు. ముళ్ళపూడి వెంకటరమణ రాసిన ఆ పాత్రను చూశాక, కవిత్వం ఇష్టపడేవాళ్ళంతా మంచివాళ్ళన్న నా చిన్ననాటి నమ్మకం పోయింది. పోవలసిన నమ్మకమే.

అయిదు: దాసి (1988). దీన్ని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కోస్తాలో పెరిగిన నాకు ముప్పయ్యేళ్ళు దాటేవరకూ ఈ చిత్రం సంగతి పేరుగా మాత్రమే తెలుసు. బి. నర్సింగరావు దర్శకుడని, అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం వచ్చిందని, ఎ.కె. బీర్ ఛాయాగ్రహణానికీ, చిత్రకారుడు తోట వైకుంఠం కళాదర్శకత్వానికీ కూడా పురస్కారాలు వచ్చాయని సామాన్య విజ్ఞానం ప్రశ్నల్లోలాగా చెప్పగలిగేవాణ్ణి. చూడలేదు. మా ఊరి హాలుకు రాలేదు, మా ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. చూడనిదాన్ని ఇష్టపడలేదని అనుకోవడం ఎంత సులువో తర్వాత తెలిసింది.

తెలంగాణలో ఒక దొర గడీ. పెళ్ళికూతురితో పాటు సారెగా పనిమనుషులను కూడా పంపించే ఆచారం ఉన్న కాలం. కమలాక్షి అనే దాసికి ఆ ఇంట్లో సొంతమన్నది ఏదీ లేదు. చివరికి తన కడుపులోని బిడ్డ కూడా. ఈ సంగతిని నర్సింగరావు కేకలు పెట్టి చెప్పలేదు. ఊడవడం, నీళ్ళు మోయడం, పిలుపు వినబడగానే లేచి పోవడం, ఇవే చూపించారు. మొదటిసారి చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, విసుగనిపించింది. పాటలేవి, మాటలేవి అని నా అలవాటు నన్ను అడిగింది. కొన్నేళ్ళకు రెండోసారి చూసినప్పుడు తెలిసింది, ఆ విసుగు నాది కాదు, కమలాక్షిది. ఆమె రోజును నేను రెండు గంటలు కూడా భరించలేకపోయాను. అప్పటి నుంచి ఏ సినిమా అయినా మెల్లగా నడుస్తోందని విసుక్కునే ముందు, ఎవరి నడక చూపిస్తున్నారని అడగడం అలవాటైంది. ఈ వరసలో అన్నింటికన్నా ఆలస్యంగా చేరిందీ, అన్నింటికన్నా వేగంగా పైకి వస్తున్నదీ ఇదే.

నాలుగు: మిస్సమ్మ (1955). మా ఇంట్లో సినిమాల వరస తేల్చే సభ వరండాలో జరిగేది. నాన్నగారు, పెదనాన్నగారు, అప్పుడప్పుడు ఎదురింటి మాస్టారు సభ్యులు. మొదటి స్థానం ఎప్పుడూ మాయాబజార్‌దే, రెండో స్థానం దగ్గరే తగువు. కాఫీలు మాత్రం లోపలి నుంచి వచ్చేవి. అమ్మను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నాన్నగారు పోయిన చాలాకాలానికి, ఒక మధ్యాహ్నం ఊరికే అడిగాను, అమ్మా, నీకు అన్నిటికన్నా ఏ సినిమా ఇష్టమని. ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం కూడా తీసుకోకుండా మిస్సమ్మ అంది. ఎందుకని అడిగితే, అందులో సావిత్రి ఎంతసేపు కోపంగా ఉన్నా ఎవరూ ఆమెను చెడ్డదాన్ని చేయలేదురా అంది.

చక్రపాణి కథను నేను అంతకుముందు ఎన్నోసార్లు చూశాను. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడే ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు, అప్పుల డేవిడ్, మంచితనమే తప్ప మరేమీ తెలియని జమీందారు దంపతులు, అన్నీ తెలుసు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం ఎంత తేలికగా నడుస్తుందో చెప్పగలను. భానుమతి వేయవలసిన పాత్ర సావిత్రికి ఎలా వచ్చిందో కథలు కథలుగా వినిపించగలను. కానీ మేరీ కోపాన్ని నేను చూడలేదు. దాన్ని హాస్యానికి సరుకుగా మాత్రమే చూశాను. అమ్మ మాట తర్వాత మళ్ళీ చూస్తే, చిత్రమంతా ఆ కోపం మీదనే నిలబడి ఉంది. పేదరికం వల్ల అబద్ధమాడవలసి వచ్చిన ఆత్మాభిమానం గల స్త్రీ కోపం అది. చివరికి మేరీ తప్పిపోయిన మహాలక్ష్మిగా తేలి అన్ని చిక్కులూ విడిపోవడం నాకు కొంచెం అన్యాయంగానే తోస్తుంది. ఆమె మేరీగానే ఉండిపోయి ఉంటే ఆ ప్రేమకు ఇంకా విలువ ఉండేదేమో. ఆ లోటు వల్లనే ఇది నాలుగు దగ్గర ఆగింది. అమ్మ జాబితాలో మాత్రం ఒకటే.

మూడు: సాగరసంగమం (1983). కె. విశ్వనాథ్ చిత్రాల్లో చాలామంది శంకరాభరణానికి (1980) పెద్దపీట వేస్తారు. నా మట్టుకు ఇది దానికన్నా దగ్గరది. శంకరశాస్త్రి ఓడిపోయినా శిఖరమే. బాలు శిఖరం ఎక్కనేలేదు. ఆహ్వానపత్రికలో మహామహుల బొమ్మల తర్వాత తన బొమ్మ కూడా చూసుకుని నమ్మలేక ఏడ్చే కమల్ హాసన్ ముఖం, ఆ అవకాశం తల్లి మరణంతో చేజారడం, ఆ తర్వాత తాగుడు, పత్రికల్లో నృత్య విమర్శలు. తానేదో కాగలిగి కాలేకపోయినవాడు ఇతరుల కళను గురించి రాయడంలో ఉండే చేదు నాకు తెలియనిది కాదు. పత్రికా కార్యాలయంలో, ఒకే భావాన్ని వేరువేరు నృత్య సంప్రదాయాల్లో ఎలా పట్టాలో బాలు చేసి చూపించే ఘట్టం చూడండి. విమర్శించే హక్కు ఎక్కడి నుంచి వస్తుందో దానికన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇంత చెప్పి మూడో స్థానమే ఎందుకంటే, ఆ పతనంలో చిత్రం తానే కొంత మైమరచిపోయిందేమోనని నాకొక అనుమానం. నూతి గట్టు మీద వానలో ఆ తాగిన నృత్యం ఎంత అందంగా ఉందంటే, పాడైపోవడం కూడా ఒక కళేనని కుర్రవాళ్ళకు అనిపించగలదు. ఒకప్పుడు నాకూ అనిపించింది.

రెండు: మాయాబజార్ (1957). సభలో అలజడి వినిపిస్తూనే ఉంది. ఈ సినిమాను రెండో స్థానానికి దించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. దించాకే దాన్ని మళ్ళీ చూడగలిగాను. మొదటి స్థానంలో ఉన్నంతకాలం అది గోడ మీద పటంలా ఉండేది. దండ వేస్తాం తప్ప ముఖం చూడం. దండ తీసేసి చూస్తే ఎన్ని వింతలు! కథంతా పాండవుల ఇంటి పెళ్ళి చుట్టూ తిరిగినా పాండవులు తెర మీద కనిపించరు. ఆ లోటు మనకు తెలియనివ్వకపోవడం కె.వి. రెడ్డి కథనశక్తి. మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో కురిపించిన వెన్నెలకు 2010లో రంగులద్దారు. అది వట్టి సాంకేతిక విన్యాసంగానే మిగిలింది గానీ, నా కళ్ళకు వెన్నెల పెరగలేదు. అన్నిటినీ మించి మాయా శశిరేఖ. సావిత్రి శశిరేఖగా ఉన్నట్టుండి, లోపల ఉన్నది ఘటోత్కచుడని నడకతో, చూపుతో, భుజాల కదలికతో తెలియజేస్తుంది. స్త్రీ దేహంలో మగవాడి దర్పం ఎంత హాస్యాస్పదంగా ఉంటుందో పింగళి నాగేంద్రరావు తెలిసే రాశారో లేదో గానీ, సావిత్రికి మాత్రం బాగా తెలుసు.

ఈ చిత్రం గురించి ఇంకొక సంగతి. టీవీలో వచ్చినప్పుడల్లా ఇల్లంతా ముందుగదిలో చేరేది. ఘటోత్కచుడు పెళ్ళివారి భోజనమంతా ఒక్కడే ఆరగించే సమయానికి సరిగ్గా మా భోజనాల వేళయ్యేది. ఆ ఘట్టం అమ్మ పూర్తిగా చూసిన గుర్తు నాకు లేదు. అందరూ మెచ్చిన భోజనం తెర మీద జరుగుతుంటే, మా భోజనం వంటింట్లో తయారయ్యేది. వరండా సభ తీర్మానాల్లో ఈ వివరం ఎక్కడా నమోదు కాలేదు.

ఒకటి: మల్లీశ్వరి (1951). బి.ఎన్. రెడ్డి తీసిన ఈ చిత్రానికి మాటలూ పాటలూ రాసి దేవులపల్లి కృష్ణశాస్త్రి సినీరంగంలోకి వచ్చారు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, తన పాటలు తానే పాడుకున్న భానుమతి గళం, ఘంటసాల, ఎ.కె. శేఖర్ కళాదర్శకత్వం. ఇవన్నీ నమస్కారం పెట్టవలసిన కారణాలు. నా కారణం వేరు.

వాన కురిసిన రాత్రి, సత్రంలో తలదాచుకున్న బావామరదళ్ళు. మారువేషంలో వచ్చినవాడు రాయలవారని తెలియక నాగరాజు వేళాకోళానికి ఒక మాటంటాడు, మా మల్లికి పల్లకి పంపించమని. మాట అన్నవాడు మరచిపోతాడు, విన్నవాడు రాజు గనుక మరచిపోడు. పల్లకి వస్తుంది. ఊరంతా వైభోగమనుకుంటుంది, తల్లి మురిసిపోతుంది, మల్లి రాణివాసంలో చిక్కుకుపోతుంది. ఇందులో ప్రతినాయకుడు లేడు. రాయలు క్రూరుడు కాడు, దయామయుడే. ఆ దయే రెండు ప్రాణాలమీదికి తెచ్చింది. అధికారం ఉన్నవాడికి పరిహాసం అర్థం కాకపోవడం, లేనివాడికి మాట వెనక్కి తీసుకునే వీలు లేకపోవడం, ఇంతే కథ. ముగింపులో రాజు క్షమించి వాళ్ళను కలుపుతాడు. తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చినవాడికి ఇద్దరూ కృతజ్ఞులవుతారు. పదిహేనేళ్ళప్పుడు ఆ ముగింపుకు సంతోషించాను. ఇప్పుడు ఆ కృతజ్ఞత చూస్తే గుండె బరువెక్కుతుంది. మనకు న్యాయంగా చెందినది ఎవరైనా దయగా ఇచ్చినప్పుడల్లా నాకు ఆ పల్లకి గుర్తుకొస్తుంది. ఈ చిత్రం చూడకపోయి ఉంటే, దయను కూడా అనుమానించాలని నాకు ఎవరు చెప్పేవారు?

ఇదీ నా వరస. ఇక ఇందులో లేనివాటి సంగతి. మా భూమి (1979) లేదు. అది తప్పక చూడవలసిన చిత్రమని ఎవరితోనైనా వాదిస్తాను. కానీ దాని ముందు నిలబడినప్పుడు నాలో కలిగేది గౌరవం, ఇంకా చనువు కాలేదు. న్యాయబుద్ధితో దాన్ని ఇరికిస్తే అది కూడా ఒక రకం నమస్కారమే అవుతుంది. ఇష్టాన్ని కర్తవ్యంతో సరిదిద్దలేం. చేయగలిగింది ఒక్కటే, మళ్ళీ చూడడం, చూడనివి వెదుక్కుని చూడడం. దాసి నాకు అలాగే దక్కింది.

బ్రిటన్‌కు చెందిన సైట్ అండ్ సౌండ్ పత్రిక 1952 నుంచి పదేళ్ళకొకసారి ప్రపంచంలోని ఉత్తమ చిత్రాలేవని విమర్శకులను అడుగుతోంది. మొదటిసారి బైసికిల్ థీవ్స్ ముందు నిలిచింది. 1962 నుంచి 2002 దాకా అయిదుసార్లు సిటిజన్ కేన్. 2012లో వెర్టిగో. 2022లో మాత్రం షాంతాల్ అకర్మాన్ 1975లో తీసిన జాన్ డీల్మాన్ మొదటికి వచ్చింది. ఒక ఇల్లాలు వంటింట్లో బంగాళాదుంపలు ఒలవడం, గిన్నెలు కడగడం మూడు గంటలకు పైగా చూపించే చిత్రమది. పదేళ్ళ ముందు అది ముప్పయ్యయిదు ప్రాంతంలో ఉండేది. ఈ మధ్యలో ఆ సినిమాలో ఒక్క దృశ్యమూ మారలేదు. మారింది అడిగినవారి సంఖ్య. 2012లో ఎనిమిది వందల పైచిలుకు మందిని లెక్కలోకి తీసుకుంటే, 2022లో పదహారు వందలు దాటారు. కొందరు పెద్దలు ఇది అన్యాయమన్నారు. ఓట్ల సంఖ్య పెరిగితే కళ మారుతుందా అని కోప్పడ్డారు. నాకు మాత్రం మా వరండా గుర్తొచ్చింది. కాఫీలు తెచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టి అడిగి ఉంటే, మా ఇంటి మొదటి స్థానం డెబ్భయ్యో దశకంలోనే మారిపోయేది.

కాబట్టి ఇష్టాల వరస రాసుకోవడం పనిలేని పని కాదు, గొప్పల ప్రదర్శనా కాదు. మనకు ఏవి చూపించారో, ఏవి చూపించలేదో, ఎవరి మాట విన్నామో, ఎవరిని అడగనేలేదో, అన్నీ అందులో తేలతాయి. అంకెలు వేయకుండా ఇవన్నీ ఇష్టమే అని దాటవేస్తే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. నాలుగు పెద్దదా మూడు పెద్దదా అని తనతో తాను తగువుపడినప్పుడే మనిషి తన కారణాలను చూసుకుంటాడు.

మీరూ ఒకసారి కాగితం తీసుకుని రాసి చూడండి. నా వరసతో మీ వరస కలవకపోతే సంతోషిస్తాను, పూర్తిగా కలిస్తే అనుమానిస్తాను. రాయడం పూర్తయ్యాక, వంటింట్లోనో వెనకగదిలోనో ఇంతవరకూ ఈ సంగతి ఎవరూ అడగని మనిషి ఉంటే, వెళ్ళి అడగండి. నేను ఆలస్యంగా అడిగాను. మిస్సమ్మ తర్వాత రెండో పేరు ఏమిటని అడిగేలోగా అమ్మకు గుర్తుచేసుకునే ఓపిక పోయింది. ఆమె ప్రియదర్శినిలో ఇంకా ఏమేం ఉన్నాయో ఇక నాకు తెలిసే దారి లేదు.